గుర్తు చేసినవాడి పేరు

నెల్లూరు పడమటి సీమలో, పెన్నకు దక్షిణాన ఉన్న కలువాయిలో మా అమ్మగారి పుట్టిల్లు. కొన్నేళ్ళ క్రితం ఆ ఇంట ఒక నికాహ్ జరిగింది. భోజనాలైన తర్వాత వేపచెట్టు కింద మంచాలు వాల్చుకొని కూర్చున్నప్పుడు మా పెద్దమామూ పిల్లలకు ఒక సంగతి చెప్పారు. 1839 ప్రాంతంలో మా వంశంవాడొకడు ఉదయగిరి జాగీర్దారు కొలువులో గుర్రపు రౌతుగా ఉండేవాడట. జాగీర్దారు రాసిన రహస్యపు ఉత్తరం పట్టుకొని పెన్న దాటుతుండగా కుంఫిణీ సిపాయీలు ఎదురైనారట. పట్టుబడితే దొరకు ముప్పని ఆ కాగితాన్ని ఏట్లో వదిలేశాడట. “ఇది మా నానీ చెప్పిన మాట. ఆమె ఒళ్ళో తల పెట్టుకొని విన్నాను” అని మామూ ముగించారు.

పిల్లలు నోరు తెరుచుకొని విన్నారు. నేను మాత్రం తల వంచుకొన్నాను. ఆ మాట నానీది కాదు, నాది.

అంతకు ఆరేడేళ్ళ ముందు సంగతి. నా వృత్తి అనువాదం. ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు కాగితాలను తెలుగు చేసి పెట్టడమే నా పని. ఉదయగిరి చరిత్ర ఏముందో చదివి చెప్పమని మామూ అడిగితే ఒకనాడు కూర్చొని వినిపించాను. అంతా విని, “ఆ వ్యవహారంలో మనవాళ్ళెవరన్నా ఉన్నారా అబ్బయా?” అని అడిగారు. “పేర్లు లేవు మామూ. ఉత్తరాలు మోసిన రౌతులు ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అయివుండవచ్చు. పెన్న దాటేటప్పుడు సిపాయీలు ఎదురైతే కాగితం నీళ్ళలో వదిలేసేవారేమో” అన్నాను. పెద్దాయన ముచ్చట తీర్చడానికి అన్నమాటే గాని దానికి ఏ ఆధారమూ లేదు.

ఆ రెండు వాక్యాలు ఆరేడేళ్ళలో ఎంత దూరం నడిచాయో గమనించండి. “వచ్చు” పోయింది. “ఏమో” పోయింది. “ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు” మా వంశంవాడైనాడు. చెప్పిన నేను మాయమై నా స్థానంలో నానీ వచ్చి కూర్చొంది. మామూ అబద్ధమాడే మనిషి కాదు. ఊళ్ళో పొలం గట్టు తగాదాలకు ఆయన మాటే సాక్ష్యంగా చెల్లుతుంది. తాను చెప్పినది తనకు గుర్తున్నదేనని ఆయన నిండు మనసుతో నమ్ముతున్నారు. చరిత్ర చదివేవారు, రాసేవారు ఆలోచించవలసిన చిక్కు ఇక్కడనే ఉంది. అబద్ధాన్ని పట్టుకోవడానికి మార్గాలున్నాయి. నిజాయితీపరుడి జ్ఞాపకంలో ఇతరులు పెట్టిపోయిన మాటను పట్టుకోవడం ఎలాగు?

ఉదయగిరిలో జరిగినది

ముందు మామూ కథకు వెనుక ఉన్న వాస్తవం చూద్దాం. ఉదయగిరి కొండకోటను 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్నాడు. ఆ తర్వాత అది గోలకొండ సుల్తానుల చేతికి, కాలక్రమాన ఆర్కాటు నవాబుల ఏలుబడిలోకి వచ్చి జాగీరుగా మారింది. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్. 1839లో నెల్లూరు మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్, కుంఫిణీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా రహస్య ప్రచారం సాగుతున్నదని, మనుషులూ ఉత్తరాలూ ఊరూరా తిరుగుతున్నాయని కనిపెట్టి హైదరాబాదు రెసిడెంటు ఫ్రేజరుకు తెలియజేశాడు. ఆ దారం లాగగా చాలామంది బయటపడ్డారు. నిజాము నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలాను ఆ ఏడు జూన్‌లో నిర్బంధించారు. ఆయనపై విచారణ సంఘం కూర్చుంది. 1854లో మరణించేవరకు ఆయన గోలకొండ కోటలోనే ఖైదీగా ఉన్నాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో దాచిన ఆయుధాలు దొరికాయి. 1839 అక్టోబరులో ఆయన రాజ్యం పోయింది. 1840లో తిరుచిరాపల్లిలో ఖైదీగా ఉండగానే హత్యకు గురైనాడు. ఉదయగిరి జాగీరు కూడా జప్తయింది. జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించివేశారు.

ఇదంతా మనకు ఎలా తెలిసింది? ఖైదు చేసినవారి దఫ్తరాల వల్ల. అధికారి అడిగాడు, పట్టుబడినవాడు చెప్పాడు, గుమాస్తా రాసుకొన్నాడు. వేరొకరు దానిని ఇంగ్లీషు చేశారు. 1873లో బాస్వెల్ దొర నెల్లూరు జిల్లా మాన్యువల్ ప్రకటించేనాటికి ఈ ప్రాంతపు గతం ప్రభుత్వపు మాటల్లో ఒక రూపానికి వచ్చింది. ఆ తర్వాత మన పెద్దలు తమ ఊరి చరిత్రను “జ్ఞాపకం” చేసుకోవడానికి కూడా ఆ మాటలనే వాడుకోవలసి వచ్చింది.

ఒక్క మాటనే తీసుకోండి. ఈ వ్యవహారానికి ఆనాటి అధికారులు పెట్టిన పేరు “వహాబీ కుట్ర.” 1831లో బాలాకోట్‌లో మరణించిన సయ్యద్ అహ్మద్ బరేల్వీ అనుచరులు తమ మార్గాన్ని “తరీఖయె ముహమ్మదియా” అని చెప్పుకొన్నారు. “వహాబీ” అన్నది వారు పెట్టుకొన్న పేరు కాదు, వారికి పెట్టిన పేరు. 1871లో హంటర్ దొర భారత ముస్లింలపై రాసిన గ్రంథంతో ఆ పేరు మరింతగా వ్యాపించింది. 1880లలో అహ్లె హదీస్ పెద్దలు విన్నపాలు చేసుకొని, ప్రభుత్వ వ్యవహారాల్లో తమ గురించి ఆ పదం వాడకుండా చేయించుకోవలసి వచ్చింది. అయినా నేటికీ ఉదయగిరి ముచ్చట వచ్చినప్పుడు మన నోట మొదట వచ్చేది ఆ మాటే. ఒకరిపై నేరం మోపినవాడు ఇచ్చిన పేరుతోనే అతని మనుమలు అతన్ని గుర్తు చేసుకొంటున్నారు.

జవాబును మోసుకువచ్చే ప్రశ్న

విచారణలో ప్రశ్నకున్న బలం సామాన్యమైనది కాదు. “ఆ రాత్రి ఎవరు వచ్చారు?” అని అడగడం వేరు, “ఆ రాత్రి వచ్చిన రౌతు ఉత్తరం ఎవరికిచ్చాడు?” అని అడగడం వేరు. రెండవ ప్రశ్నలో రౌతూ ఉన్నాడు, ఉత్తరమూ ఉంది. జవాబిచ్చేవాడు ఉత్తరం సంగతి తెలియదని చెప్పినా సరే, ఒక రౌతు వచ్చాడన్నది అతని తలలో మిగిలిపోతుంది.

న్యాయశాస్త్రం ఈ ప్రమాదాన్ని ఎరుగును. 1872 నాటి భారత సాక్ష్యాధార చట్టం, తాను కోరే జవాబును సూచించే ప్రశ్నకు ప్రత్యేక నిర్వచనం ఇచ్చింది. తన సాక్షిని విచారించే పక్షం అటువంటి ప్రశ్న వేసినప్పుడు, ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే, న్యాయస్థానం అనుమతి లేనిదే అది చెల్లదన్నది. 2024 జూలై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చినా ఈ నియమం మాత్రం నిలిచే ఉంది. ఉదయగిరి విచారణలు జరిగేనాటికి మన దేశంలో ఆ చట్టం లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూశారు. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనేవారు విద్యార్థులకు కారు ప్రమాదం చిత్రం ఒకటి చూపించారు. కార్లు ఒకదానికొకటి “తగిలినప్పుడు” వేగమెంత అని ఒక 50 మందిని, “గుద్దుకొని నుజ్జయినప్పుడు” వేగమెంత అని మరొక 50 మందిని అడిగారు. వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అని ప్రశ్నించారు. చిత్రంలో పగిలిన అద్దమే లేదు. అయినా మొదటివారిలో 7 మంది, రెండవవారిలో 16 మంది చూశామన్నారు. ప్రశ్నలో మారినది ఒక్క క్రియాపదం.

1995లో లాఫ్టస్ మరొకరితో కలిసి ఇంకొక అడుగు ముందుకు వేసింది. 24 మందికి వారి చిన్ననాటి సంగతులు నాలుగేసి రాసి ఇచ్చారు. మూడు ఇంటివారు చెప్పిన నిజమైన సంగతులు. నాల్గవది, చిన్నప్పుడు అంగళ్ళ సముదాయంలో తప్పిపోయారన్న కల్పన. వారిలో ఆరుగురు, అంటే నాలుగోవంతు మంది, జరగని ఆ సంగతిని పూర్తిగానో కొంతగానో గుర్తు తెచ్చుకొన్నారు. ఇంటివారి మాటగా వచ్చినందువల్లనే దానికి అంత పలుకుబడి. మామూకు నా ఊహ నానీ మాటగా గుర్తుండటం కూడా ఇందుకు దూరమైనది కాదు. నమ్మదగిన నోట వస్తేగాని మాట జ్ఞాపకంగా నిలువదు. నమ్మదగిన నోరు దొరకకపోతే జ్ఞాపకమే ఒక నోటిని వెతికిపెట్టుకొంటుంది.

హదీసువేత్తల జాగ్రత్త

ఈ ప్రయోగాలకు వెయ్యి సంవత్సరాలకు పూర్వమే ఇదే చిక్కుతో తలపడినవారు హదీసువేత్తలు. దైవప్రవక్త (స) పలుకులను, చర్యలను తరం నుండి తరానికి అందించినవారిలో ఎవరి మాట ఎంతవరకు స్వీకరించాలన్నది వారి ముందున్న సమస్య. ఉల్లేఖకుడు అబద్ధాలకోరా అని విచారించి వారు ఊరుకోలేదు. సత్యవంతుడే అయినా అతని జ్ఞాపకంలోకి ఇతరులు చొరబడ్డారా అని కూడా విచారించారు.

దీనికి వారు వాడిన మాట “తల్ఖీన్.” మరణశయ్యపై ఉన్నవారికి కలిమా అందించడాన్ని తల్ఖీన్ అంటారని పాఠకులకు తెలుసు. హదీసు శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. ఉల్లేఖకునికి అతనిది కాని మాటను “ఇది మీరు చెప్పినదే కదా” అని అందిస్తే, అతడు “ఔను” అని తలూపడం. అలా తలూపే అలవాటు ఉన్నట్లు తేలినవాని ఉల్లేఖనాలు స్వీకరించరాదని, హిజ్రీ 643లో (క్రీ.శ. 1245) మరణించిన ఇబ్నుస్సలాహ్ తన ప్రసిద్ధ గ్రంథంలో స్పష్టపరిచాడు. తలూపడం మర్యాద కావచ్చు, మొగమాటం కావచ్చు, వార్ధక్యం కావచ్చు. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే.

మాట అందించే చేయి ఎక్కడ ఉంటుందో కూడా వారు చూశారు. కూఫా నగరానికి చెందిన సుఫ్యాన్ బిన్ వకీ (మరణం హిజ్రీ 247) స్వయంగా సత్యవంతుడు. కాని ఆయన గ్రంథాలు రాసిపెట్టే లేఖకుడు ఆయనవి కాని హదీసులను వాటిలో చేర్చాడు. పెద్దలు హెచ్చరించినా ఆయన వినలేదు. దానితో ఆయన ఉల్లేఖనాలకు విలువ పోయింది. ఈజిప్టులో లైస్ బిన్ సఅద్ వద్ద లేఖకుడిగా ఉన్న అబ్దుల్లా బిన్ సాలిహ్ (మరణం హిజ్రీ 223) సంగతి మరీ చిత్రమైనది. గిట్టని పొరుగువాడొకడు ఆయన దస్తూరిని పోలిన దస్తూరితో హదీసులు రాసి ఆయన కాగితాల మధ్య పడవేసేవాడని, ఆయన వాటిని తనవేనని నమ్మి వినిపించేవాడని హదీసువేత్తలు నమోదు చేశారు. తన చేవ్రాలునే తాను నమ్మలేని స్థితి అది.

మా వంటి అనువాదకులకు సూటిగా తగిలే దోషం మరొకటుంది. దాని పేరు “ఇద్రాజ్.” బోధకుడు కఠినపదానికి పక్కన తన మాటగా అర్థం చెబుతాడు. వినేవాడు రెండూ కలిపి మూలంగా గుర్తుంచుకొంటాడు. దివ్యవాణి అవతరణ ప్రారంభాన్ని తెలిపే ప్రఖ్యాత హదీసులో “తహన్నుస్” అన్న మాట తర్వాత “అంటే ఆరాధన” అన్న వివరణ ఉంది. అది ఇమామ్ జుహ్రీ చేర్చిన వివరణ అని పండితులు విడదీసి చూపారు. ఇటువంటి కలగలుపులను వేరుచేయడానికే ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463) ఒక గ్రంథం రాశాడు. నేను మామూకు చదివి వినిపించినప్పుడు చేసినది ఇదే. చదివినది ఎక్కడ ఆగింది, నా ఊహ ఎక్కడ మొదలైంది అన్న గీత నేను గట్టిగా గీయలేదు. తప్పు ఆయన జ్ఞాపకానిది అనడానికి ముందు నా నోటిదని ఒప్పుకోవాలి.

ఇతరులు లేని జ్ఞాపకం ఉందా?

అయితే ఇతరుల మాట చెవిని పెట్టకపోతే చాలునా? అది కుదరని పని. మనం పుట్టిన రోజు, మన పాలబుద్ధుల నాటి సంగతులు మనకు తెలిసినది ఇతరులు చెప్పగానే. మనిషి ఒంటరిగా గుర్తుంచుకోడు, కుటుంబం, మతం, వర్గం అనే చట్రాలలోనే గుర్తుంచుకొంటాడని ఫ్రెంచి పండితుడు మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే వివరించాడు. నాజీల బూకెన్‌వాల్డ్ శిబిరంలో 1945లో ప్రాణం విడిచిన ఆ పండితుని వాదాన్ని తోసిపుచ్చలేము.

దివ్య ఖుర్ఆన్ కూడా రెండవ వ్యక్తి సహాయాన్ని విధిగా చూపింది. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు, ఖుర్ఆన్‌లో అన్నింటికంటె పొడవైనది, అప్పు లావాదేవీలకు సంబంధించినది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసిపెట్టుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అది ఆదేశిస్తుంది. ఇద్దరు స్త్రీలు సాక్షులుగా ఉండే సందర్భంలో, ఒకరు పొరబడితే మరొకరు గుర్తు చేయడం కోసమని కారణం కూడా చెబుతుంది. గుర్తు చేయడం ఇక్కడ దోషం కాదు, రక్షణ.

మరి రక్షణకూ దోషానికీ తేడా ఎక్కడ? ఆయతులోని ఏర్పాటు గమనిస్తే జవాబు దొరుకుతుంది. గుర్తు చేసే వ్యక్తి తానూ ఆ సమయాన అక్కడ ఉన్నది, తన కళ్ళతో చూసింది. పక్కన కాగితం కూడా ఉంది. మామూకు గుర్తు చేసిన నేను పెన్న ఒడ్డున లేను. నా దగ్గరున్న కాగితంలో ఆ రౌతు లేడు. చూసినవాడు చేస్తే అది జ్ఞాపకం చేయడం. చూడనివాడు చేస్తే అది మాట అందించడం.

ఇంకొక జాగ్రత్తను మదీనాకు చెందిన సుహైల్ బిన్ అబీ సాలిహ్ నేర్పుతాడు. వాది ప్రమాణం, ఒక సాక్షి ఆధారంగా దైవప్రవక్త (స) తీర్పు చెప్పారన్న హదీసును ఆయన తన తండ్రి నుండి విని, రబీఆ అనే విద్వాంసునికి వినిపించాడు. తర్వాత జబ్బు చేసి సుహైల్ జ్ఞాపకశక్తి కొంత దెబ్బతిన్నది. ఆ హదీసు గురించి అడిగితే గుర్తు లేదన్నాడు. మీరే చెప్పారని రబీఆ అంటున్నాడని తెలిసిన తర్వాత ఆయన దానిని తన జ్ఞాపకంగా చెప్పుకోలేదు. కొట్టివేయనూ లేదు. నేను తనకు చెప్పినట్లు రబీఆ నాకు చెప్పాడు, రబీఆ నా దృష్టిలో నమ్మదగినవాడు, నాకు మాత్రం గుర్తు లేదు అన్న అర్థంతో వినిపిస్తూ వచ్చాడు. తన మాటకు తానే మూలమైనా మధ్యలో రబీఆ పేరు చేర్చాడు. అటువంటి హదీసు చెల్లునా చెల్లదా అన్నదానిపై పండితులు భిన్నాభిప్రాయులైనారు. అధిక సంఖ్యాకులు అంగీకరించారు. హనఫీ పండితులలో పలువురు అంగీకరించలేదు. కాని సుహైల్ దాపరికం లేకుండా చెప్పినందువల్లనే ఆ చర్చ సాధ్యమైంది. ఆయన రబీఆ పేరు మింగివేసి ఉంటే చర్చించడానికి ఎవరికీ ఏమీ మిగిలేది కాదు. ఇలా చెప్పి మరచినవారి గురించి ఇమామ్ దారఖుత్నీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే కూర్చాడు.

మన బాధ్యత

ఉదయగిరి విషయంలో నేడు రెండు రకాల మాటలు వినవస్తున్నాయి. ఒకటి కుంఫిణీవారి “కుట్రదారు.” రెండవది స్వాతంత్ర్యం తర్వాత ప్రచారంలోకి వచ్చిన “తొలి స్వాతంత్ర్య సమరయోధుడు.” మొదటిదానిలో జాగీరు పోగొట్టుకొన్న మనిషికి జరిగిన అన్యాయం ఉంది. రెండవదానిలో మనకు కలిగే గౌరవం ఉంది. అందుకే రెండవదానితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. శత్రువు అందించిన మాటను అనుమానించడం మనకు సులభం. మన గౌరవాన్ని పెంచే మాటకు మనం వెంటనే తలూపుతాము. తల్ఖీన్‌కు లొంగేది ఇక్కడనే. ఈ ప్రాంతపు ముస్లింలు ఈ దేశంలో తమ స్థానాన్ని రుజువు చేసుకోవడానికి లేని రౌతును పెన్న దాటించవలసిన అవసరం లేదు. ఒకనాడు ఆ రౌతు లేడని ఎవరో రుజువు చేస్తే, ఉన్న అబ్బాస్ అలీ ఖాన్ మాట కూడా నమ్మేవారుండరు. కల్పనకు చెల్లించే మూల్యం అది.

నికాహ్ అయిన మరునాడు మామూ దగ్గర కూర్చొని జరిగినది చెప్పాను. మొదట నొచ్చుకొన్నారు. “అంటే నేను కల్పించానంటావా?” అన్నారు.

“మీరు కాదు మామూ, నేను” అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “మరి నానీ నాకు ఏం చెప్పినట్టు?” అన్నారు. ఆలోచించి ఆలోచించి ఒక్క మాట పైకి తీశారు. పిల్లలు ఉదయగిరి కొండ గురించి అడిగితే నానీ “జాగీరోళ్ళ ఊసు మనకెందుకు, పడుకోండి” అనేదట. అంతే.

ఆ మాట విన్నప్పుడు, భయపడిన తరం మౌనం ఇది కాబోలునని నాకు తోచింది. నాలుక చివరకు వచ్చింది కూడా. చెప్పలేదు. చెబితే మరొక ఐదేళ్ళకు అదీ నానీ మాటే అవుతుంది. ఆమె ఎందుకు అలా అనేదో ఆమెకే తెలియాలి.

మా ఇంటి పాత లెక్కల పుస్తకం చివర రెండు వాక్యాలు రాసి పెట్టాను. నానీ అన్న మాట, మామూ చెప్పగా విన్నట్టు. రౌతు కథ, నేను ఊహించి చెప్పినట్టు. రెంటి కింద తేదీ వేసి నా పేరు రాశాను. మామూ కళ్ళద్దాలు పెట్టుకొని ఒకటికి రెండుసార్లు చదివి తానూ సంతకం చేశారు.

ప్రతి ఇంటా ఇటువంటి కథలు ఉంటాయి. వాటిని పారవేయమని ఎవరూ అనరు. ఎవరు చెప్పారు, వారు చూశారా, విన్నారా, ఊహించారా అన్నది మాత్రం కథతోపాటే పిల్లలకు అందాలి. గుర్తు చేసినవాడి పేరు చెప్పడానికి సుహైల్ సిగ్గుపడలేదు. మనమూ సిగ్గుపడనక్కరలేదు.